మామూలు పేక కట్ట మ్యాజిక్‌కి పనికొస్తుందో లేదో ఎలా చూసుకోవాలి

పేక ముక్కలతో మ్యాజిక్ మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ కట్ట కొనాలి?" అనే. ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు కానీ దానివల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఎందుకంటే మన విశాఖలో మీరు ట్రిక్కు చేసేది చాలాసార్లు మీ సొంత కట్టతో కాదు. పెళ్ళింట్లో రాత్రంతా రమ్మీ ఆడుతున్న బాబాయిల దగ్గర అడిగి తీసుకున్న ముక్కలతోనో, హాస్టల్లో మంచం కింద ఎవరో వదిలేసిన పాత కట్టతోనో, రైల్లో పక్క సీటువాళ్ళు తీసిన కట్టతోనో చేయాల్సి వస్తుంది. కాబట్టి ఏ కట్ట చేతికొచ్చినా కాసేపట్లోనే "దీనితో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు" అని తేల్చుకోగలగాలి. నేర్చుకోవాల్సింది అది.

మంచి కట్ట అంటే నా లెక్కలో రెండే విషయాలు. చూసేవాళ్ళకి ఆ ముక్కల మీద ఏ ఆలోచనా రాకూడదు. మీ వేళ్ళకి అవి ఎలా కదులుతాయో ముందే తెలిసిపోవాలి. ఖరీదు, డిజైన్, బంగారు అంచు ఇవన్నీ ఆ తర్వాతే. ఇంకా చెప్పాలంటే బంగారు అంచు, నల్ల ముఖాలు, పుర్రె బొమ్మలు ఉన్న కట్ట తీస్తే మొదటి ట్రిక్కు పూర్తవకముందే ఎవరో ఒక పెద్దాయన "ఏటి బాబూ, ఇవి మ్యాజిక్ ముక్కలేటి?" అంటాడు. ఆ మాట వచ్చాక మీరు ఎంత చక్కగా చేసినా అందరూ ముక్కల్లోనే ఏదో ఉందనుకుంటారు, మీ సాధన అంతా ఆ కంపెనీ ఖాతాలోకి పోతుంది. అందుకే మామూలు కట్టే కావాలి. మామూలు కట్టల్లో మంచిదాన్ని ఎంచుకోవడం ఎలాగన్నదే ఇక్కడ విషయం.

కట్ట కంటే ముందు ట్రిక్కులు చూసుకోండి

ఒక కాగితం తీసుకుని మీరు చేసే ట్రిక్కులు రాయండి, ఒక్కో ట్రిక్కు ముక్కల నుంచి ఏం కోరుతుందో పక్కన రాయండి. 21 ముక్కల్ని మూడు వరసలుగా పేర్చి మనసులో అనుకున్న ముక్క చెప్పే ట్రిక్కు మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిందే, దానికి ముక్కలు నలిగినా, జిడ్డుగా ఉన్నా నడిచిపోతుంది, లెక్క తప్పకపోతే చాలు. కట్ట అడుగు ముక్కని గుర్తుపెట్టుకుని దాని పక్క ముక్కని కనిపెట్టే పద్ధతికి కూడా అంతే. కానీ రెండు ముక్కల్ని ఒకటిలా ఎత్తి చూపించే డబుల్ లిఫ్ట్ ఉందనుకోండి, ముక్కలు చదునుగా ఉండాలి, అతుక్కోకూడదు, అలాగని మరీ జారిపోకూడదు. కట్టని విసనకర్రలా విప్పాలన్నా, బల్ల మీద వరసగా పరవాలన్నా పైపూత బాగుండాలి. ముక్కని తిరగేసి కట్ట మధ్యలో దాచే ట్రిక్కు అయితే వెనక డిజైన్ చుట్టూ తెల్ల అంచు ఉండాలి, అది లేకపోతే కట్ట కాస్త చెదిరినా తిరగబడ్డ ముక్క పక్కనుంచి తెల్లగా మెరుస్తుంది.

ఈ కాగితం రాశాక చాలామందికి తెలిసేది ఏమిటంటే, తాము చేసే వాటిలో సగానికి ఇంట్లో ఉన్న రమ్మీ కట్టే సరిపోతుందని. మిగతా సగానికే వెతుకులాట.

కొనేటప్పుడు, పెట్టె తెరవకముందు

జగదాంబ దగ్గరైనా, ద్వారకానగర్ స్పోర్ట్స్ షాపుల్లోనైనా, పూర్ణా మార్కెట్ ఫ్యాన్సీ షాపుల్లోనైనా పెట్టె తెరిచి చూడనివ్వరు, అది న్యాయమే. కానీ బయటనుంచే తెలిసేవి కొన్ని ఉన్నాయి. పైన పారదర్శకమైన కవరు చిరగకుండా ఉందా చూడండి, మన సముద్రపు గాలికి అదే మొదటి రక్షణ. పెట్టెని అద్దపు కౌంటరు మీద వెల్లకిలా పెట్టి ఒక మూల వేలితో నొక్కండి, ఊగిందంటే లోపల ముక్కలు అప్పటికే వంగి ఉన్నాయన్నమాట. బాగా ఎండ తగిలే షోకేసులో ఉన్నదాన్ని కాకుండా లోపలి అరలోది అడగండి. పెట్టె మీద రాసింది చదవండి: "ప్లాస్టిక్ కోటెడ్" అంటే కాగితపు ముక్కకి పైన పూత వేసింది, "100% ప్లాస్టిక్" అంటే మొత్తం ప్లాస్టిక్కే. ఈ రెండూ ఒకటి కాదు, తేడా ఏంటో కింద చెప్తాను.

ఒక్కటే కొనండి. ఇంటికెళ్ళి పరీక్షించి నచ్చితే మళ్ళీ అదే షాపుకి వెళ్ళి అదే రకం ఇంకో రెండు మూడు తెచ్చుకోండి. ఆలస్యం చేయకండి, తర్వాతి సరుకులో రంగు కొంచెం మారినా మీ పాత కట్టలోకి కొత్త ముక్క కలిపితే తెలిసిపోతుంది.

సైజు సంగతి ఇక్కడే. ముక్కల్లో ఎక్కువగా కనిపించే వెడల్పులు రెండు. పోకర్ సైజు 63 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ సైజు 57. పొడవు రెండింటికీ దాదాపు ఒక్కటే, 88. బ్రిడ్జ్‌లో ఒక్కొక్కరి చేతిలో 13 ముక్కలు ఉంటాయి కాబట్టి సన్నగా చేశారు, మన రమ్మీలోనూ 13 ముక్కలే కాబట్టి ఆ సన్న సైజు మనకి బాగానే అలవాటు. మీ చెయ్యి చిన్నదైతే అరచేతిలో ముక్క దాచడానికి సన్నవే సుఖం. విసనకర్ర పెద్దగా అందంగా రావాలంటే వెడల్పువి కావాలి. ప్రపంచంలో ఎక్కువమంది మ్యాజిక్ వాళ్ళు వాడేది పోకర్ సైజే, నేర్పే వీడియోలు కూడా దానితోనే ఉంటాయి. మీరు సన్న కట్టతో నేర్చుకుంటూ వేలు సరిగ్గా అందట్లేదని బాధపడితే, తప్పు మీది కాకపోవచ్చు, సైజు తేడా కావచ్చు. ఒకసారి స్కేలు పెట్టి కొలవండి.

తెరిచాక మొదట లెక్క

పెట్టె తెరిచి ముక్కలు రంగుల వారీగా విడదీసి పేర్చండి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు నాలుగూ ఆసు నుంచి రాజు దాకా 13 చొప్పున ఉన్నాయా చూడండి. ఊరికే లెక్కపెట్టి 52 వచ్చాయి కదా అని వదిలేయకండి, ఒకటి తగ్గి ఇంకొకటి రెండుసార్లు ఉన్నా మొత్తం 52 వస్తుంది. రమ్మీకి రెండు కట్టలు కలిపి ఆడతారు కాబట్టి ఇంట్లో వాడిన కట్టల్లో ఇది చాలా మామూలు. మీరు "డైమను ఏడు" అని ధైర్యంగా చెప్పి ముక్క తిప్పాక ప్రేక్షకుడి చేతిలో ఇంకో డైమను ఏడు ఉంటే ఆ ట్రిక్కుని కాపాడటం ఎవరి తరమూ కాదు.

జోకర్లు, కంపెనీ ప్రకటన ముక్క, ఖాళీ ముక్క పారేయకండి. వెనక డిజైన్ ఒక్కటే కాబట్టి ఇవి సాధనకి, చిన్న చిన్న ఏర్పాట్లకి బాగా పనికొస్తాయి.

మొత్తం 52 ముక్కల్ని సమంగా సర్ది మందం కూడా కొలవండి. మంచి కాగితపు కట్ట సుమారు 15 నుంచి 16 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటే బాగా పలచగా ఉంటే ముక్కలు తేలిగ్గా మడతపడతాయి, బాగా మందంగా ఉంటే పట్టు కష్టమవుతుంది.

వెనక వైపు: ఇక్కడ తొందరపడకండి

కొత్తవాళ్ళు ముక్క ముఖం చూస్తారు, నేను మాత్రం ఎక్కువసేపు వెనకే చూడమంటాను. మ్యాజిక్‌లో ప్రేక్షకుడు ఎక్కువసేపు చూసేది వెనక వైపే కదా.

రెండు ముక్కలు తీసి పక్కపక్కన పెట్టండి, ఒకదాన్ని తలకిందులు చేయండి. డిజైన్ రెండింట్లో ఒకేలా కనిపిస్తే సరే. దేవుడి బొమ్మ, కంపెనీ పేరు, ఏదైనా ప్రకటన, పువ్వు ఒకవైపే ఉన్న డిజైన్ అయితే అది ఒకవైపు కట్ట. హోటళ్ళలో, విమానాల్లో బహుమతిగా ఇచ్చే కట్టలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. ఒకవైపు కట్ట చెడ్డదని కాదు. అన్ని ముక్కలూ ఒకే దిక్కుకి పెట్టి, ప్రేక్షకుడు తన ముక్క చూస్తుండగా కట్టని తిప్పి పట్టుకుంటే, వెనక్కి పెట్టిన ముక్క ఒక్కటే తలకిందులుగా ఉండి మీకు తెలిసిపోతుంది. అదే ఒక ట్రిక్కు. కానీ ఎవరైనా సగం కట్ట తిప్పి కలిపారంటే అంతా పోయినట్టే, పైగా కళ్ళు చురుకైన పిల్లలు ఉంటే వాళ్ళకీ తెలిసిపోతుంది. ఇలాంటి కట్టని రోజూ వాడేదిగా పెట్టుకోవద్దు.

తర్వాత తెల్ల అంచు. నాలుగువైపులా ఒకే వెడల్పు ఉందా? చవక కట్టల్లో కోత పక్కకి జరిగి ఒకవైపు అంచు సన్నగా, ఇంకోవైపు లావుగా ఉంటుంది. డిజైన్ రెండువైపులా ఒకటే అయినా ఈ కోత తేడాతో అది కూడా ఒకవైపు కట్ట అయిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. కట్ట సమంగా సర్ది, వెనక వైపు మీకు కనపడేలా ఎడమ చేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో ఒక చివర నుంచి ముక్కల్ని గబగబా జారవిడవండి, చూపు మాత్రం డిజైన్‌లో ఒక్కచోటే పెట్టండి. అన్నీ ఒకేలా అచ్చయి ఒకేలా కోయబడితే బొమ్మ కదలకుండా నిలబడినట్టే ఉంటుంది. తేడా ఉంటే అంచు అటూ ఇటూ గెంతుతూ కనిపిస్తుంది. ఎవరైనా రహస్యంగా గుర్తులు పెట్టిన కట్టని కూడా ఇలాగే పట్టుకుంటారు, ఆ గుర్తు ఉన్న చోట చిన్న పురుగు కదిలినట్టు కనిపిస్తుంది. ఎవరి కట్టయినా చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది ఒకసారి చేయండి.

అంచే లేకుండా డిజైన్ చివరిదాకా పాకిన కట్టలూ ఉన్నాయి. అమెరికాలో 1892 నుంచి వస్తున్న బీ కట్ట వెనక చిన్న చిన్న డైమండ్ గళ్ళు అంచు దాకా ఉంటాయి. అలాంటి కట్టలో పైన రెండు ముక్కలు కొంచెం పక్కకి జరిగినా గళ్ళు కలిసిపోయి కనపడదు, డబుల్ లిఫ్ట్‌కి అది వరం. తిరగేసిన ముక్క దాచడానికి మాత్రం కష్టం. అదే 1885లో మొదలైన బైసికిల్ కట్టకి తెల్ల అంచు ఉంటుంది, డిజైన్ రెండువైపులా ఒకేలా ఉంటుంది, మ్యాజిక్ వాళ్ళు దానికి అంతగా అలవాటుపడటానికి అదొక కారణం. మన ఊళ్ళో దొరికే కట్టల్ని వీటితో పోల్చి చూస్తే ఏది ఏ పనికి వస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

ముఖం, వెలుగు

ముఖం వైపు పని తొందరగా అయిపోతుంది. మూల అంకెలు దూరం నుంచి చదవగలుగుతున్నారా? ఇంట్లో నలుగురి ముందు మామూలు అంకెలు చాలు, కాలనీ వినాయకచవితి పందిట్లో అయితే పెద్ద అంకెల కట్ట కావాలి. సిరిపురం గురజాడ కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో అయితే చివరి వరస వాళ్ళకి మామూలు ముక్క కనపడదు, అక్కడికి పెద్ద సైజు ముక్కలో, కెమెరా తెరో ఉండాల్సిందే.

ముక్కని మొబైల్ టార్చి ముందు పెట్టి వెనకనుంచి చూడండి. మంచి ముక్క రెండు పొరల కాగితం మధ్య నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది, వెలుగు దూరకుండా. ఇంట్లో ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తి పట్టినప్పుడే లోపలి ఆసు ఆకారం నీడలా కనిపించే కట్ట మ్యాజిక్‌కి పనికిరాదు. అలాగే అదే ట్యూబ్‌లైటు కింద ముక్కని వంచి చూడండి, అద్దంలా మెరిసి అంకె కనపడకుండా పోతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళకీ అదే ఇబ్బంది.

ఒక చిన్న ముచ్చట కూడా చెప్పాలి. మామూలు కట్టలో ముఖాలు అన్నీ రెండువైపులా ఒకేలా ఉంటాయనుకుంటాం కానీ 22 ముక్కలకి పైనా కిందా ఉంది. ఇస్పేటు, ఆఠీను, కళావరుల్లో ఆసు, 3, 5, 6, 7, 8, 9, వీటితో పాటు డైమను ఏడు. ఆఠీను మూడు తీసి మధ్య గుర్తు చూడండి, అది ఒకవైపే తిరిగి ఉంటుంది. వెనక డిజైన్‌లో ఏ తేడా లేని కట్టలో కూడా ఈ 22 ముక్కలతో దిక్కు పట్టుకోవచ్చు. కొన్ని కంపెనీలు గుర్తుల్ని వేరేగా అచ్చేస్తాయి కాబట్టి మీ కట్టలో ఈ 22 ఉన్నాయో లేదో తీసి చూసుకోండి.

కాగితమా, ప్లాస్టిక్కా

100% ప్లాస్టిక్ ముక్కలు తడవవు, తుడిస్తే శుభ్రమవుతాయి, ఏళ్ళు వస్తాయి. విశాఖ లాంటి ఊళ్ళో ఇవి కొనాలనిపించడం సహజం. కానీ మ్యాజిక్‌కి వీటితో చిక్కులున్నాయి. జారుడు ఎక్కువ, రెండు ముక్కల్ని కలిపి పట్టుకుంటే విడిపోతాయి. మూల చిన్నగా వంచి గుర్తుపెట్టుకుందామంటే ఆ వంపు నిలవదు, తిరిగి చదును అయిపోతుంది. చింపే ట్రిక్కులు చేయలేం. వాన రోజుల్లో, బీచ్‌లో సరదాగా చేసే లెక్కల ట్రిక్కులకి ఒక ప్లాస్టిక్ కట్ట ఉంచుకోండి, మిగతావాటికి కాగితమే.

కాగితంలో కూడా నున్నగా ఉన్నదే గొప్పదని అనుకోకండి. పూర్తిగా నున్నటి రెండు ముక్కలు, అందులోనూ తేమ తగిలితే, ఒకదానికొకటి అంటుకుపోతాయి. మంచి ముక్క మీద వేలు పెట్టి రాస్తే సన్నగా నేతబట్టలాంటి గరుకు తెలుస్తుంది, వెలుగుకి ఏటవాలుగా పట్టి చూస్తే చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటల్లో గాలి నిలిచి ముక్కలు పూర్తిగా ఆనకుండా ఉంటాయి, అందుకే జారతాయి.

ఇప్పుడు వంపు పరీక్ష. ఒక ముక్కని పొడవు వైపు రెండు చివరలు పట్టుకుని మెల్లగా విల్లులా వంచి వదలండి. వెంటనే చదునుగా వస్తే మంచిది. కొంచెం వంపు మిగిలితే పర్వాలేదు, రెండోవైపు వంచితే సరవుతుంది. మధ్యలో తెల్లటి గీత పడితే ఆ కట్ట వద్దు, ఒక్క షోలోనే ఆ గీతలు గుర్తులుగా మారిపోతాయి. ఈ పరీక్షకి జోకర్ వాడండి, అసలు ముక్కల్ని పాడుచేయకండి.

అంచులు

కట్టని గట్టిగా పట్టుకుని పక్క అంచు మీద వేలు మెల్లగా నడపండి, ముందు పైనుంచి కిందికి, తర్వాత కిందినుంచి పైకి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గీరుకున్నట్టు ఉంటుంది. ముక్కని ఏ వైపు నుంచి కత్తితో కోశారో దాన్నిబట్టి ఈ తేడా వస్తుంది. రమ్మీ ఆడేవాళ్ళకి ఇది అక్కర్లేదు. కానీ కట్టని సరిగ్గా సగం చేసి ఒకదాని తర్వాత ఒకటి పడేలా దూర్చే ఫారో షఫుల్ నేర్చుకుంటుంటే ఇదే కీలకం. కొన్ని కట్టలు ముఖాలు కిందికి ఉన్నప్పుడు పైనుంచి తేలిగ్గా దూరతాయి, కొన్ని కిందినుంచి. రెండువైపులా ప్రయత్నించండి. ఎటునుంచీ దూరకపోతే, అంచు నుంచి పీచు లేస్తుంటే, ఆ కట్టతో ఫారో మీద కుస్తీ పట్టకండి. ఈ షఫుల్‌ని పైముక్క పైనే ఉండేలా తప్పు లేకుండా 8 సార్లు చేస్తే 52 ముక్కలూ మొదటి వరసకే తిరిగి వస్తాయి, ఆ అందం చూడాలంటే అంచులు శుభ్రంగా ఉన్న కట్ట కావాల్సిందే.

జారుడు

ఇది చేత్తోనే తెలుస్తుంది, రాతతో కాదు, అయినా చెప్తాను. బోసి గ్రానైట్ గట్టు మీదో టైల్స్ నేల మీదో ముక్కలు పరిచి చూసి కట్ట బాగాలేదని తేల్చకండి, అక్కడ ఏ కట్టయినా ఇష్టమొచ్చినట్టు పోతుంది. దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద పరవండి. ముక్కలు సమాన దూరంలో పడుతున్నాయా, మధ్యలో నాలుగైదు గుంపుగా ఆగిపోతున్నాయా చూడండి. చివరి ముక్కతో మొత్తం వరసని తిరగేయండి, అలలా ఆగకుండా తిరిగితే పూత బాగున్నట్టు. తర్వాత కట్ట ఎడమ చేతిలో పెట్టుకుని బొటనవేలితో పైముక్కని ఒక్కదాన్నే తోయండి. ప్రతిసారీ ఒక్కటే వస్తోందా? మీరు అడక్కుండానే రెండు వస్తే ముక్కలు అంటుకుంటున్నాయి. పైన రెండు ముక్కలు సమంగా కలిపి ఎత్తి, కట్ట మీద ఒక అంగుళం ఎత్తు నుంచి వదలండి. విడిపోకుండా పడితే డబుల్ లిఫ్ట్‌కి ఆ కట్ట సరిపోతుంది.

కొత్త కట్ట మొదటి రోజు మరీ జారుతుంది, గట్టిగా కూడా ఉంటుంది. కాసేపు కలుపుతూ టీవీ చూడండి, మెత్తబడ్డాకే తీర్పు చెప్పండి.

మన గాలి

పుస్తకాల్లో, విదేశీ వీడియోల్లో ఈ భాగం దాదాపు ఉండదు, మనకి మాత్రం ఇదే అసలు పరీక్ష. విశాఖలో సముద్రం పక్కనే ఉన్న గాలిలో ఏడాది పొడుగునా తేమ ఉంటుంది, వానాకాలంలో చెప్పక్కర్లేదు. కాగితం ఆ తేమని పీల్చుకుని ఉబ్బుతుంది. ముక్కకి రెండువైపులా సమానంగా తగిలితే కట్ట మొత్తం లావెక్కి మెత్తబడుతుంది, ఒకవైపే ఎక్కువ తగిలితే ముక్క ఆ రెండోవైపుకి వంగుతుంది. బల్ల మీద వదిలేసిన కట్టలో పైముక్క పొద్దున్నకి బోర్లించిన పడవలా లేచేది అందుకే.

కొత్త కట్ట తెచ్చిన రోజు సాయంత్రం ఒక జోకర్‌ని బాల్కనీలో గాలి తగిలేచోట బరువు పెట్టకుండా అరగంట ఉంచండి, ఇంకో జోకర్‌ని పెట్టెలో ఉంచండి. తర్వాత రెండూ పక్కపక్కన గాజు మీద పెట్టి చూడండి. కొంచెం వంగడం ఏ కాగితానికైనా తప్పదు. ఎక్కువగా మెలితిరిగితే, పైపూత చేతికి జిగటగా తగిలితే, ఆ కట్ట మీకు ఏసీ గదుల్లో మాత్రమే పనికొస్తుంది.

ఏసీ సంగతి కూడా తక్కువది కాదు. చల్లటి హాల్లో ఉన్న కట్టని ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే తీస్తే ముక్కల మీద కంటికి కనపడని తడి పడుతుంది, అప్పటిదాకా మంచిగా జారిన కట్ట ఒక్కసారి మొండికేస్తుంది. పావుగంట పెట్టెలోనే ఉంచి తర్వాత తీయండి. చొక్కా జేబులో పెట్టుకోవద్దు, చెమట కాగితపు పెట్టెలోంచి లోపలికి పోతుంది, బ్యాగులో పెట్టండి.

బీచ్‌లో, తెన్నేటి పార్కులో చేస్తానంటే సంతోషంగా చేయండి, కానీ పరిచే ట్రిక్కులు పెట్టుకోకండి, గాలి ఒక్క ఊపులో ఆఠీను రాణిని తీసుకుపోతుంది. చేతిలోనే పూర్తయ్యేవి ఎంచుకోండి. ఇసుక ఇంకా పెద్ద శత్రువు, ఒక్క రేణువు ముక్కల మధ్య చేరినా కలిపిన ప్రతిసారీ పూత మీద గీతలు పెడుతుంది. ముంత మసాలా తిన్న చేత్తో కట్ట ముట్టుకోకండి, ప్రేక్షకుడికి ఇచ్చే ముందు కూడా నవ్వుతూ ఒక టిష్యూ ఇవ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు. శీతాకాలంలో అరకు వెళ్ళినప్పుడు అదే కట్ట ఇంకోలా ప్రవర్తిస్తుంది, చలికి మీ వేళ్ళే ఆరిపోయి పట్టు తప్పుతాయి, వెళ్ళగానే కాసేపు కలిపి చూసుకోండి.

దాచుకోవడానికి గట్టి మూత ఉన్న డబ్బా చాలు. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి, కొన్నాళ్ళకి అవి తేమతో నిండిపోతాయి కాబట్టి మారుస్తూ ఉండండి. వంగిన కట్టని అందుకు ఎదురువైపుకి మెల్లగా వంచి, పెట్టెలో పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. క్యారమ్ బోర్డు పౌడరు, ముఖానికి రాసుకునే పౌడరు ముక్కలకి పూయమని కొందరు చెప్తారు, అవి గుంటల్లో పేరుకుని కొన్నాళ్ళకి గడ్డకడతాయి. ముక్కలకి వాడే పౌడరు వేరే ఉంది, జింక్ స్టియరేట్ అంటారు. అది కూడా విసనకర్రలు విప్పే ప్రదర్శనలకే అవసరం, మామూలు వాడకానికి అక్కర్లేదు, చల్లేటప్పుడు పీల్చకుండా జాగ్రత్తపడాలి కూడా.

అడిగి తీసుకున్న కట్ట

ఇక పెళ్ళింటి కట్ట. దీన్ని టేబుల్ మీద పెట్టి పరీక్షలు చేస్తే అనుమానం వస్తుంది, కలుపుతూనే చేయాలి. కలిపేటప్పుడు ముఖాలు మీవైపు తిప్పి ఒకసారి మెల్లగా విప్పండి, "జోకర్లు తీసేస్తున్నా బాబాయ్" అంటే చాలు, ఎవరూ అడ్డుచెప్పరు. ఆ విప్పులో మూడు చూడండి. రెండు కట్టలు కలిసి ఉన్నాయా, అంటే వెనక రంగులు వేరేగా ఉన్నాయా, ఒకే ముక్క రెండుసార్లు కనిపిస్తోందా. మూల మడిచిన ముక్క ఏదైనా ఉందా, రమ్మీలో ఎవరో గట్టిగా పట్టుకున్న ఆసు అయి ఉంటుంది, అది ఏ ముక్కో గుర్తుపెట్టుకుంటే అదే మీ కీ కార్డు, అంటే పక్క ముక్కని పట్టించే ముక్క, దేవుడిచ్చిన గుర్తు. తర్వాత జారుడు: మెత్తబడి, పసుపు, నూనె అంటి ఉంటే డబుల్ లిఫ్ట్ మానేయండి, పరవడం మానేయండి, లెక్క మీద, కీ కార్డు మీద నడిచేవే చేయండి. జిడ్డు కట్టకి ఒక మంచి గుణం కూడా ఉంది, ముక్కలు కదలవు, మీరు కట్ట పైన పెట్టిన ముక్క చేతిలో కలుపుతున్నప్పుడు నమ్మకంగా పైనే ఉంటుంది.

డబ్బులు ఆడుతున్న బల్ల దగ్గర మాత్రం కట్ట అడక్కండి. "మూడు ముక్కల్లో రాణి ఎక్కడ" లాంటిది చేస్తుంటే ఎవరో సరదాగా వంద నోటు పెడతారు, వెంటనే తిరిగి ఇచ్చేయండి. పేక మీద పందేలకి మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, పార్కులో అలాంటి దృశ్యం ఎవరైనా చూస్తే అది మ్యాజిక్ అని నిరూపించుకునే పని మీకు వద్దు. అంతకంటే ముఖ్యం, మీ చేతుల్లో ఉన్న నైపుణ్యం చూసినవాళ్ళు మిమ్మల్ని రమ్మీకి నమ్మడం మానేస్తారు, కాబట్టి ఆ బల్ల మీద ఆటకి కూర్చోకపోవడమే మర్యాద.

ఎప్పుడు మార్చాలి

సాధనకి ఒక కట్ట, ప్రదర్శనకి ఒక కట్ట, రెండూ ఒకే రకం. ప్రదర్శన కట్ట అంచులు బూడిద రంగుకి తిరగగానే దాన్ని సాధనకి దింపేయండి, కొత్తది ప్రదర్శనకి ఎక్కించండి. ఒకసారి పక్కనుంచి చూస్తే తెలుస్తుంది, కట్ట మధ్యలో కొన్ని ముక్కలు మిగతావాటికంటే మురికిగా కనిపిస్తాయి, అవి మీరు ఎక్కువగా ఫోర్స్ చేసే, అంటే ప్రేక్షకుడు తానే ఎంచుకున్నాననుకునేలా మీరు అంటగట్టే ముక్కలు. అది ప్రేక్షకుడికీ కనిపిస్తుంది. అందుకని ఒకే ముక్కని ఎప్పుడూ ఫోర్స్ చేయకుండా మార్చుతూ ఉండండి.

సాధనకి కూడా పనికిరాని కట్టని పారేయకండి. ప్రేక్షకుడితో ముక్క మీద సంతకం పెట్టించే ట్రిక్కు ఉంటే ముందు మీ మార్కర్ ఆ పూత మీద ఆరుతుందో లేదో ఈ పాత ముక్కల మీదే చూసుకోవాలి. బాల్‌పెన్ చాలా పూతల మీద రాయదు, స్కెచ్ పెన్ ఆరక ముందే రుద్దుకుపోయి పక్క ముక్కకి అంటుతుంది. పర్మనెంట్ మార్కర్‌తో సంతకం పెట్టి, పదిదాకా లెక్కపెట్టి, బొటనవేలితో రుద్ది చూడండి. మన తేమ గాలిలో ఒక్కోసారి ఇంకాస్త సమయం పడుతుంది, ఆ కాసేపు ప్రేక్షకుడితో ఏం మాట్లాడాలో కూడా అప్పుడే సిద్ధం చేసుకోండి.